పక్క వెంచర్ ఎత్తు పెంచేశారు, వాన పడితే నీళ్లన్నీ మా లైన్‌లోనే: పెద్ద పైపు వేయించాలా, ఇంకేమైనా దారి ఉందా?

చివరిలైన్_ఇల్లు:

అందరికీ నమస్తే. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) దాటాక వరంగల్ హైవే వైపు ఒక అప్రూవ్డ్ లేఅవుట్‌లో 200 గజాల ప్లాట్ తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. మొత్తం 20 ఎకరాల వెంచర్. గేటు దగ్గర ఎత్తు, వెనక్కి వచ్చేకొద్దీ పల్లం, మా ఇల్లు సరిగ్గా ఆ పల్లం చివర ప్రీకాస్ట్ గోడని ఆనుకుని ఉంటుంది. కొన్నప్పుడు ఇవేవీ చూడలేదు, ఈస్ట్ ఫేసింగ్, రేటు కొంచెం తక్కువ, అంతే చూశాం (తక్కువ ఎందుకో ఇప్పుడు అర్థమైంది లెండి).

మొదట్లో పెద్ద ఇబ్బంది లేదు. వాన నీళ్లు గోడ కిందనుంచి అవతలి వరి పొలంలోకి పోయేవి. ఆ పొలం కూడా ఇప్పుడు వెంచర్ అయింది. వాళ్లు నాలుగడుగులు మొరం పోసి, మా గోడకి ఆనుకుని రాతి గోడ కట్టేశారు, ఒక్క బొక్క కూడా వదల్లేదు. ఇప్పుడు గట్టి వాన అరగంట పడితే చాలు, మా లైన్‌లో మోకాలి లోతు. దానికన్నా దరిద్రం ఏంటంటే మ్యాన్‌హోల్ మూత కింద నుంచి నీళ్లు తన్నుకొచ్చి మూత టకటకా ఎగురుతుంది, కాసేపటికి మా కింది బాత్‌రూమ్ కమోడ్‌లో గుడగుడమని నీళ్లు పైకొస్తాయి. సంపులోకి కూడా వెళ్లాయి, రెండుసార్లు కడిగించాం.

డెవలపర్‌ని అడిగితే ప్లాట్లన్నీ అమ్మేశాం, మాకు సంబంధం లేదంటాడు. ఆఫీసుకి వెళ్తే లేఅవుట్ ఇంకా మాకు అప్పగించలేదంటారు. అసోసియేషన్‌లో తలా ఇంత వేసుకుని పెద్ద పైపు వేయిద్దామని కొందరు, ఇంకుడు గుంతలు తవ్విద్దామని కొందరు, ఎవడి ఇల్లు వాడు ఎత్తు చేసుకుందామని కొందరు. డబ్బులు ఇచ్చేముందు ఏది పనిచేస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి. ప్రతి సాయంత్రం మబ్బు పడితే టెన్షన్‌గా ఉంటోంది.

మొరం_ట్రిప్పులు:

బ్రో, ఎవరూ రారు, ఎవరూ చేయరు. పార్కింగ్, ముందు ర్యాంపు రెండడుగులు లేపు, గేటు కింద మూడు వరసల ఇటుక కట్టు, సంపు మూత ఎత్తు చెయ్యి. మేం మా కాలనీలో అదే చేశాం. మిగతావాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. అసోసియేషన్, కంప్లైంట్ అని తిరిగితే వచ్చే వర్షాకాలం కూడా అయిపోతుంది.

లెవెల్_చూశారా:

పైన చెప్పింది పూర్తిగా తప్పు అనను, సంపు మూత లేపడం ఈ రోజే చేయండి. కానీ ఎవరికి వారు ఎత్తు పెంచుకోవడం అంటే నీళ్లని పక్కింటికి పంపడమే. మీ పక్క వెంచర్ మీకు చేసిందీ అదే కదా. లైన్‌లో పదిమంది ఎత్తు చేస్తే పదకొండో ఇల్లు మునుగుతుంది, ఆ పదకొండో ఆయన కూడా ఎత్తు చేస్తే రోడ్డు కాలువ అవుతుంది, అప్పుడు బైక్ కూడా బయటికి తీయలేరు.

నేను సైట్ ఇంజినీర్‌ని, లేఅవుట్ పనులే ఎక్కువ చేస్తా. చిన్న లెక్క చెప్తా, కాగితం మీద మీరూ వేసుకోవచ్చు. 20 ఎకరాలంటే సుమారు 8 హెక్టార్లు. గంటకి 50 మి.మీ. చొప్పున వాన అనుకుందాం, మన దగ్గర అదేం వింత కాదు. అది పొలంగా ఉన్నప్పుడు పడిన నీటిలో 30 శాతం పారుతుంది, మిగతాది మడుల్లో ఆగుతుంది, ఇంకుతుంది. సీసీ రోడ్లు, స్లాబులు, పార్కింగ్ టైల్స్ వచ్చాక 70 శాతం పారుతుంది. అంటే పొలం రోజుల్లో సెకనుకి దాదాపు 340 లీటర్లు మీ మూలకి వచ్చేవి, ఇళ్లన్నీ నిండాక 780 లీటర్లు దాటతాయి. గేటుకి అవతల పైనుంచి మీ వెంచర్‌లోకి వచ్చే నీళ్లు ఏమైనా ఉంటే అవి ఇందులో కలపలేదు.

ఇప్పుడు పైపు సంగతి. 12 అంగుళాల హ్యూమ్ పైపు (సిమెంట్ కాంక్రీట్ పైపు), 200 అడుగులకి ఒక అడుగు వాలు ఉంటే, నిండుగా పారినా సెకనుకి 70 లీటర్లు మోయదు. 600 మి.మీ. పైపు 430 దాకా, 900 మి.మీ. అయితే 1,200 దాకా మోస్తుంది. సైజు కొంచెం పెంచితే మోసేది చాలా పెరుగుతుంది, కాబట్టి చిన్న పైపు పక్కన ఇంకో చిన్న పైపు వేయడం డబ్బు దండగ. చాలా వెంచర్లలో రోడ్డు పక్కన వేసేది ఆ 12 అంగుళాలదే, ఎందుకంటే కొనేవాళ్లకి మూత కనపడితే చాలు, లోపల ఏముందో ఎవరూ దిగి చూడరు.

కానీ అసలు ప్రశ్న పైపు సైజు కాదు. ఆ పైపు చివర ఎక్కడుంది? మీరు 1,200 మి.మీ. పైపు వేసినా చివర గోడ ఉంటే అది పొడుగాటి సంపు, అంతే. ముందు అవుట్‌లెట్ ఎక్కడో చెప్పండి, తర్వాత సైజు మాట్లాడుకుందాం.

కమోడ్‌లోంచి నీళ్లు వస్తున్నాయంటే వాన నీటి లైన్‌ని ఎక్కడో మురుగు లైన్‌లో కలిపేశారు. లేదా ఎవరో ఇంటి టెర్రస్ పైపుని మురుగు చాంబర్‌లో పెట్టారు, ఒక్కరు కాదు చాలామందే పెట్టి ఉంటారు. ఇది మాత్రం మీ చేతిలో ఉన్న పని. ఎండగా ఉన్న రోజు మీ లైన్‌లో మూతలన్నీ తీయించి, పైన ఉన్న ఒక ఇంటి టెర్రస్ మీద బకెట్లతో నీళ్లు పోయించండి, ఏ చాంబర్‌లో పారుతున్నాయో కంటికే కనిపిస్తుంది. మీ ఇంటి మురుగు చివరి చాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, వెనక్కి తన్నడం ఆగుతుంది. నెలకోసారి మూత తీసి కడగకపోతే చెత్త ఇరుక్కుని వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇంకుడు గుంతల గురించి: తప్పకుండా తవ్వుకోండి, బోరుకి మంచిది. కానీ వరదకి అది మందు కాదు. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ మీద 50 మి.మీ. పడితే 4,600 లీటర్లు. ఐదు బై ఐదు, ఆరడుగుల లోతు గుంత తవ్వి కంకర నింపితే అందులో నీళ్లకి మిగిలే చోటు 1,700 లీటర్లు. అదీ గుంత ఖాళీగా ఉంటే. మూడు రోజులుగా ముసురు పట్టి నేల నానిపోయాక పడే గట్టి వాన ఇళ్లు ముంచుతుంది, అప్పటికి ఆ గుంత ఎప్పుడో నిండి ఉంటుంది. నల్లరేగడి అయితే ఇంకడం ఇంకా నెమ్మది.

మత్తడి_దూకింది:

ఇంజినీర్ గారు చెప్పింది నిజం, నేను దాన్నే ఇంకో వైపు నుంచి చెప్తా. ఇరిగేషన్‌లో కింది స్థాయి ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ మండలాలన్నీ నడిచినవాణ్ణే.

మన దిక్కు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు వాగు పట్టుకుని కింది చెరువుకి పోతాయి, అది నిండితే ఇంకో కుంటకి. మధ్యలో ఎన్నో ఒర్రెలు. ఒర్రె అంటే ఎనిమిది నెలలు ఎండిపోయి ఉంటుంది, పిల్లలు క్రికెట్ ఆడతారు, అందుకే రియల్ ఎస్టేట్ వాళ్లకి అది ఖాళీ జాగాలాగా కనిపిస్తుంది. డోజర్ పెట్టి ఒక పూటలో చదును చేస్తారు. వాన మాత్రం ఆ తోవ మర్చిపోదు.

2020 అక్టోబర్ 13 గుర్తుందా. మీరున్న వైపే ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెం.మీ. పడింది. అదే వానల్లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది, గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు నీళ్లు బెంగళూరు హైవేనే కోసుకుపోయాయి. టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది, అది చెరువు పక్కన పెరిగిన కాలనీ. 2000 ఆగస్టులో బేగంపేటలో 24 సెం.మీ. పడ్డాక కిర్లోస్కర్ కమిటీ వేశారు, నాలాలు వెడల్పు చేయాలని 2003లోనే రిపోర్ట్ ఇచ్చారు. తర్వాత సంగతి అందరికీ తెలిసిందే.

మీరు చేయాల్సింది ఇది. మీ సర్వే నంబర్, పక్క వెంచర్ సర్వే నంబర్ ఉన్న ఊరి నక్ష (రెవెన్యూ మ్యాపు) సంపాదించండి. పాత నక్షలో వాగు, ఒర్రె, బండ్ల బాట అన్నీ గీసి ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్‌లో నీలం గీత చూడండి. గూగుల్ ఎర్త్‌లో వెనకటి సంవత్సరాల ఫొటోలు చూడొచ్చు, వానాకాలం తర్వాత తీసిన దాంట్లో పచ్చటి చార ఒకటి వంకర టింకరగా పోతుంటే అదే ఒర్రె. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) మ్యాపులు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఉంటాయి. అన్నిటికన్నా సులువు, ఆ పొలం కౌలుకి చేసిన రైతుని పట్టుకుని అడగండి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవో చెయ్యి పెట్టి చూపిస్తాడు.

నక్షలో వాగో నాలానో ఉందని తేలితే కథ మారుతుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్ల వెడల్పు దాటిన వాగు, నాలాకి 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకి 9 మీటర్లు. రాతి గోడ అందులో ఉంటే అది మీ ఇద్దరి మధ్య గొడవ కాదు, ప్రభుత్వ నీటి తోవ మూసిన కేసు.

రెరా_చదివినోడు:

డెవలపర్ "అమ్మేశాం, సంబంధం లేదు" అన్నాడు చూశారా, అది చెల్లదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) చదవండి. స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్ల లోపు కట్టుబడిలో, పనితనంలో, సర్వీసుల్లో లోపం బయటపడి మీరు చెప్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ సెక్షన్ ఇళ్లకే అనుకుంటారు, ప్లాట్ల లేఅవుట్‌లకీ రెరా ఉంది. వాన నీటి పైపు వేస్తానని బ్రోచర్‌లో, అగ్రిమెంట్‌లో రాసి, దాన్ని గోడ దగ్గర ఆపేశాడంటే సర్వీసుల్లో లోపమే కదా. ఐదేళ్ల లెక్క మీకు ఎప్పటి నుంచి మొదలైందో కాగితాలు తీసి చూసుకోండి, దగ్గర పడుతుంటే ఆలస్యం చేయకండి. ముందు రాతపూర్వకంగా నోటీసు, ఫొటోలు, తేదీలు. వాట్సాప్‌లో తిట్టుకుంటే సాక్ష్యం అవదు.

రెండో పని. లేఅవుట్ అప్రూవల్ ఇచ్చేటప్పుడు 15 శాతం ప్లాట్లని తనఖా పెట్టించుకుంటారు, రోడ్లు, కాలువలు, కరెంటు పనులు పూర్తయ్యాకే విడుదల చేస్తారు. ఆఫీసులో "ఇంకా అప్పగించలేదు" అన్నారంటే ఆ తనఖా ఇంకా విడుదల కాలేదేమో! అదే నిజమైతే మీ చేతిలో పెద్ద ఆయుధం ఉన్నట్టే. ఆర్‌టీఐ వేసి మూడే అడగండి: ఫైనల్ లేఅవుట్ ఇచ్చారా, తనఖా విడుదల అయిందా, మంజూరు చేసిన డ్రైనేజీ ప్లాన్ కాపీ. ఆ ప్లాన్‌లో అవుట్‌లెట్ ఎక్కడ చూపించారో బయటపడుతుంది.

పక్క వెంచర్ విషయంలో, పై భూమిలో పడిన వాన సహజంగా కింది భూమిలోకి పారడాన్ని కింది యజమాని అడ్డుకోకూడదు అనే సూత్రం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనే ఉంది, సెక్షన్ 7 కింద ఇచ్చిన ఉదాహరణల్లో చూడండి. కానీ అది సహజంగా పారే నీటికి. మీరు 20 ఎకరాల నీళ్లని పైపులో పోగేసి వాళ్ల గోడలో ఒక్క బొక్కలోంచి వదులుతానంటే వాళ్ల లాయర్ ఊరుకోడు. కాబట్టి కోర్టుకి పోయే ముందు కూర్చుని మాట్లాడుకోవడం మేలు. వాళ్ల ప్లాట్లు ఇంకా అమ్ముడవలేదు కదా, గొడవ ఉన్న వెంచర్ అని పేరు పడడం వాళ్లకీ ఇష్టం ఉండదు.

కేటీ_టెక్సాస్:

మాది హ్యూస్టన్ పక్కన కేటీ. ఇక్కడ సబ్‌డివిజన్ కట్టాలంటే ముందు డిటెన్షన్ పాండ్ తవ్వాలి. ఇళ్లు రాకముందు ఆ నేల నుంచి ఎంత వేగంగా నీళ్లు పోయేవో, ఇళ్లు వచ్చాక కూడా అంతకన్నా ఎక్కువ బయటికి వదలకూడదనేది లెక్క. మిగతాది పాండ్‌లో ఆగి, చిన్న పైపులోంచి నెమ్మదిగా పోతుంది. మీ పార్కులో అలాంటిది తవ్వలేరా?

అలాగని అమెరికాలో అంతా బంగారం అనుకోకండి. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ బార్కర్, ఆడిక్స్ రిజర్వాయర్ల వెనక వేల ఇళ్లు మునిగాయి, మనవాళ్లవి కూడా ఉన్నాయి. రిజర్వాయర్ నిండితే నీళ్లు నిలిచే నేల మీదే ఇళ్లు కట్టారు. మన భాషలో ఎఫ్‌టీఎల్‌లో ప్లాట్ అన్నమాట. ఒక కౌంటీలో అయితే లేఅవుట్ మ్యాప్ మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి కూడా ఉంది, కొన్నవాళ్లలో ఎవరూ చదవలేదు. కేసు వేస్తే 2019లో కోర్టు ప్రభుత్వానిదే బాధ్యత అంది.

లెవెల్_చూశారా:

కేటీ గారి ఐడియా సరైనదే. లెక్క కూడా సరిపోతుంది. పొలం రోజులకీ ఇప్పటికీ తేడా సెకనుకి 440 లీటర్లు అనుకుంటే గంటకి 16 లక్షల లీటర్లు. 20 ఎకరాల లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగా అంటే 2 ఎకరాలు, అందులో ఒక ఎకరం అడుగున్నర లోతు తవ్వితే ఆ నీళ్లు పడతాయి. వాన లేని రోజుల్లో పిల్లలు ఆడుకునే మైదానమే, వాన తర్వాత కొన్ని గంటలు చెరువు.

చిక్కెక్కడంటే మన వెంచర్లలో పార్కు గేటు పక్కన ఉంటుంది, ఫౌంటెన్‌తో సహా. ప్లాట్ చూడ్డానికి వచ్చినవాళ్లకి ముందు అదే కనపడాలి కాబట్టి. నీళ్లు మాత్రం వెనక మూలకి పోతాయి. పల్లంలో ఉన్న మూలని పార్కుకి వదిలితే ఈ థ్రెడ్డే ఉండేది కాదు, కానీ ఆ మూలలో నాలుగు ప్లాట్లు వస్తాయి మరి.

సింగ్‌నగర్_విజయవాడ:

ఒక్క మాట. అవుట్‌లెట్ దొరికితే అయిపోయిందని అనుకోకండి. అది ఏ కుంటలో కలుస్తుందో ఆ కుంట నిండి ఉంటే మీ పైపు వెనక్కి పారుతుంది. 2024 సెప్టెంబర్‌లో మాకు బుడమేరు వాగుకి గండ్లు పడి మేడ మీదకి ఎక్కినప్పుడు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. బుడమేరు నీళ్లని కృష్ణలోకి పంపే డైవర్షన్ కాలువ ఉంది, కానీ నదే అంత ఎత్తున ఉంటే కాలువ ఎటు పారుతుంది? పైపు చివర ఫ్లాప్ గేటు (నీళ్లు బయటికి పోనిచ్చి వెనక్కి రానివ్వని మూత) పెట్టించండి, కుంట మట్టం ఎంతో ముందే కనుక్కోండి.

చివరిలైన్_ఇల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అప్‌డేట్ ఇస్తున్నా.

ఆదివారం మూతలు తీయించాం. వాన నీటి పైపు 12 అంగుళాలదే, గోడకి మూడడుగుల ముందు ఆగిపోయింది, చివర సిమెంట్ బస్తాలు కుక్కి ఉన్నాయి. టెర్రస్ మీద నీళ్లు పోసి చూస్తే మా రోడ్డులో తొమ్మిది ఇళ్ల వాన పైపులు మురుగు చాంబర్‌లోనే. ఒకాయన మా ఇంటిది కాదని వాదించాడు, ఎర్ర రంగు కలిపి పోశాం, ఎర్రగానే వచ్చింది.

పొలం కౌలుకి చేసిన పెద్దాయన దొరికాడు. మా గోడ దగ్గర నుంచి నేరుగా పక్క వెంచర్ మధ్యలోంచి కుంటకి ఒర్రె ఉండేదని, తన చిన్నప్పుడు అందులో చేపలు పట్టేవాళ్లమని చెప్పాడు. టోపో షీట్‌లో సన్న నీలం గీత కూడా అక్కడే ఉంది. పక్క వెంచర్ ప్లాన్‌లో ఆ గీత మీద 40 అడుగుల రోడ్డు వచ్చింది.

లెవెల్_చూశారా:

అయితే మీకు అదృష్టం ఉన్నట్టే. ఒర్రె మీద ప్లాట్లు కాకుండా రోడ్డు వచ్చిందంటే ఆ రోడ్డు కింద 900 మి.మీ. పైపో, బాక్స్ డ్రెయినో పెట్టడానికి చోటుంది. సీసీ పోసే ముందే పట్టుకోండి, పోశాక ఖర్చు మూడింతలు, ఒప్పుకోవడం పదింతలు కష్టం. ఎవరితో మాట్లాడేముందూ ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌ని ఒక పూట పిలిపించి మూడు మట్టాలు తీయించండి: మీ పైపు అడుగు భాగం, వాళ్ల రోడ్డు, కుంట మత్తడి. మీ పైపు అడుగు మత్తడి కన్నా ఎత్తులో ఉంటే పని అవుతుంది. లేకపోతే పంపు పెట్టుకోవాల్సిందే, దానికి మళ్లీ వేరే లెక్క.

మట్టాలు వచ్చాక ఇక్కడే పెట్టండి, పైపు వాలు నేను చూసి చెప్తా. ఈలోగా ఆ తొమ్మిది ఇళ్ల పైపులు విప్పించండి, ఎర్ర రంగు ఆయనది ముందు.

మొరం_ట్రిప్పులు:

ఆటో లెవెల్ సర్వేయర్ ఒక పూటకి ఎంత తీసుకుంటాడు? మా కాలనీలో పదకొండో ఇంటాయన గొడవ మొదలుపెట్టాడు.